పులుల దుప్పట్లు కప్పుకున్న గోడ

ముందు పోయినవి చెబుతాను. కొత్త దుప్పట్లు నలభై ఎనిమిది, అన్నీ మందపాటివి. సున్నం బస్తాలు పదకొండు. బెల్లం ఆరు కిలోలు, అది చీమల ఖాతాలోకి పోయింది. పూర్తిగా నింపి, మెచ్చుకుని, ఫోటో తీసి, మళ్ళీ గోకి పారేసిన గోడ ఒకటి. మేనేజర్ దగ్గర మా స్టోర్ కీపర్‌కున్న మంచి పేరు మొత్తం, నాకున్న మంచి పేరులో సగం. నా మిగతా సగం అంతకుముందే వేరే పనిలో పోయింది కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపను.

ఎస్టిమేషన్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు, ఇన్నేళ్ళలో మీరు చేసిన పెద్ద పొరపాటు ఏదన్నా అని అడుగుతుంటారు. ఒక సున్నా ఎగిరిపోవడమో, మీటరు బదులు అడుగు వేసుకోవడమో చెబుతానని చెవులు రిక్కిస్తారు. అలాంటివి చాలానే చేశాను, దిద్దుకుంటే పోయాయి. ఇది అలాంటిది కాదు. ఒక్క అంకె కూడా తప్పకుండా చేసిన పొరపాటు.

నేను పదో తరగతితో దోహా వచ్చిన మనిషిని. మొదట సెంట్రింగ్ హెల్పర్‌ని. చెక్కలు మోసేవాడికి ఇంకా ఎన్ని మోయాలో తెలుసుకోవాలని ఉంటుంది కదా, అలా మొదలైంది నా లెక్కల చదువు. ఆఫీసువాళ్ళు పారేసిన డ్రాయింగులు మేముండే కూలీల క్యాంపుకు తెచ్చుకుని మంచం మీద పరిచి కొలిచేవాణ్ణి. కొన్నేళ్ళకు నన్నే ఆఫీసులో కూర్చోబెట్టారు. దాంతో ఒక అలవాటు పడిపోయింది. కాగితం మీద ఏముంటే దానికి ధర కట్టడం. ఎందుకుందని అడగకపోవడం.

అల్ దోహా అల్ జదీదాలో దుకాణాల వెనక సందులో ఒక పాత ఇల్లు ఉండేది. గోడలన్నీ సముద్రం అడుగునుంచి తీసిన రాయి. చిల్లులు చిల్లులుగా, తేలిగ్గా, కాల్చిన రొట్టెలా ఉంటుంది. ఎప్పుడో ఎవరో దాన్ని బాగుచేస్తామని గోడలకు సిమెంటు పూశారు. పైకి బాగానే కనిపిస్తోంది, తట్టి చూస్తే లోపల రాయి పిండిగా రాలుతోంది. ఇంటి యజమాని దాన్ని పాత పద్ధతిలో నిలబెట్టాలనుకున్నాడు. సలహా చెప్పడానికి ఒక చలి దేశం నుంచి అరవై దాటిన మేడమ్‌ను పిలిపించాడు. వాళ్ళ దేశంలో ఇటుక ఇళ్ళు బాగుచేయడంలో ఆమెది పెద్ద చెయ్యి అట.

ఆమె మొదటి రోజు చేసిన పని ఇప్పటికీ గుర్తుంది. గోడకు వేలు రాసి, ఆ వేలు నాకి చూసింది. "ఉప్పు" అంది, వెతుకుతున్నది దొరికినట్టు. మా సుతారి నా చెవిలో, "అన్నా, ఈమెకు పొద్దుగాల ఉప్మాల ఉప్పు తక్కువైందా ఏంది?" అన్నాడు.

సుతారి అంటే తాపీ మేస్త్రీ, మా జగిత్యాల వైపు మాట. ఇతనిదీ మా వైపే. ఊళ్ళో దొరల పాత గడీల గోడలకు సున్నం పెట్టిన చెయ్యి. ఏజెంటు మేస్త్రీ పని అని చెప్పి తీసుకొచ్చాడు. ఇక్కడికొచ్చాక చూస్తే ఎటు తిరిగినా కాంక్రీటే, సున్నం మాటే లేదు. కంపెనీ అతన్ని ఇనుప కడ్డీలు మోసే గుంపులో పడేసింది. మూడేళ్ళు మోశాడు. వంగితే లేవలేని నడుం, మాట్లాడితే ఆగని నోరు, ఈ రెండూ మిగిలాయి. పాత ఇంటి పని వచ్చిందని తెలియగానే ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. నేను మేనేజర్‌తో చెప్పాను. మేనేజర్ ఒకటే మాట అన్నాడు. నమూనాగా ఒక గోడ చెయ్యాలి, మేడమ్ పాస్ చేస్తే ఇల్లు మొత్తానికి ఇతనే మేస్త్రీ. ఫెయిలైతే శనివారం నుంచి మళ్ళీ కడ్డీలు.

ఇక దుప్పట్ల సంగతి. మేడమ్ పంపిన కాగితాల్లో పని ఎలా చేయాలో వరసగా రాసి ఉంది. సిమెంటు ఊడదీయాలి, రాళ్ళ మధ్య దర్జుల్లో మెత్తటి సున్నం మాత్రమే నింపాలి, గోడ ఊపిరి పీల్చాలి, అంతా బాగుంది. తర్వాత పేరాలో, చలి ఐదు డిగ్రీల కిందికి దిగే రాత్రుల్లో తడి సున్నం గడ్డకట్టకుండా గోడలను రెండు వరుసల దుప్పట్లతో కప్పాలి అని ఉంది. దోహాలో, జనవరిలో కూడా, చలి ఎక్కువైతే మనం ఏసీ కట్టేస్తాం, అంతే. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా ఆవిడ, "దుబాయ్‌ల మంచు కూడ పడ్తదా?" అంది. నేను ఉండేది దుబాయ్ కాదని చెప్పడం అప్పటికి చాలా ఏళ్ళ క్రితమే మానేశాను.

ఎవరైనా ఏం చేస్తారు? ఆ పేరా ఎందుకుందో ఒక ముక్క రాసి అడుగుతారు. నేను గోడల వైశాల్యం వేశాను. ఒకేసారి రెండు గోడలు కప్పాలనుకున్నాను, అంచులు ఒకదాని మీద ఒకటి పడేలా లెక్కగట్టాను, రెండు వరుసలు, నలభై ఆరు. చిరుగుల కింద రెండు కలిపి నలభై ఎనిమిది. మేనేజర్ కూడా కొట్టేయవద్దన్నాడు. ఒక ఐటం ఎందుకని మనం అడిగితే యజమాని వైపువాళ్ళు మిగతా ఐటంలు కూడా ఎందుకని అడుగుతారట.

స్టోర్ కీపర్ గోదావరి జిల్లా మనిషి, బేరంలో దిట్ట. టోకున తక్కువ ధరకు ఏవి దొరుకుతాయో అవే తెచ్చాడు. మందపాటి బొచ్చు దుప్పట్లు. సగం వాటి మీద గులాబీలు, సగం వాటి మీద ఇంత తల ఉన్న పులులు. గల్ఫ్ నుంచి సెలవు మీద ఇంటికి పోయే ప్రతి మనిషి అట్టపెట్టెలోనూ ఉండే దుప్పటి అది. అవి స్టోర్‌లో దొంతరగా ఉన్నాయన్న కబురు ఇండస్ట్రియల్ ఏరియాలోని మా క్యాంపుకు మాకంటే ముందే చేరింది.

"ఆయ్, గురువుగారూ," అన్నాడు స్టోర్ కీపర్ ఓ సాయంత్రం, "మంచు పడితే తీద్దామని కూర్చుంటే ఇవి మన మనవల పెళ్ళిళ్ళకి కూడా కొత్తగానే ఉంటాయండి. అక్కడ రూముల్లో కిటికీ సందుల్లోంచి గాలి కొట్టేస్తోందంట. మంచు పడ్డ రోజున తెచ్చేసుకుందాం."

మంచు పడ్డ రోజున తెచ్చుకుందామన్న షరతు నాకు చాలా నచ్చింది. ఒక్క వారంలో నలభై ఎనిమిదీ మంచాలెక్కాయి. క్యాంపులో ఒక పద్ధతి ఉంది. ఉతికి ఆరేసిన దుప్పటి మారిపోకుండా ప్రతివాడూ మూలన దారంతో తన రూము నంబరు, మంచం నంబరు కుట్టుకుంటాడు. ఏడో రూము మూడో మంచం అంటే ఏడు, అడ్డగీత, మూడు. వీటికీ కుట్టుకున్నారు. సెలవు మీద పోతున్న కొందరు మాత్రం కుట్టుకోలేదు, తిన్నగా పెట్టెలో పెట్టుకున్నారు.

ఆ నెలలోనే సుతారి మొదటి గోడ చేశాడు. ఊళ్ళో తాతల పద్ధతి అంటూ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపాడు. మేడమ్ కాగితంలో బెల్లం లేదని చెప్పాను. "ఆమె ఇటుకలకు రాసింది. గడీలు ఎవలు కట్టిన్రు, ఆమె తాతనా?" అన్నాడు. గోడ చూడముచ్చటగా వచ్చింది. ఫోటోలు తీసుకున్నాం. మూడో నాటికి దర్జుల వెంట చీమలు బారు కట్టాయి, ఎవరో గోడకు నల్లదారంతో కుట్లు వేసినట్టు. అది కూడా తుడిచేయొచ్చు. అసలు దెబ్బ గాలిది. ఉత్తరపు గాలి పొడిగా రెండు రోజులు కొట్టేసరికి సున్నం గట్టిపడకముందే ఎండిపోయింది. బొటనవేలితో రుద్దితే ముఖానికి రాసుకునే పౌడరులా రాలింది.

సుతారి గోడ ముందు చాలాసేపు కూర్చున్నాడు. మేడమ్ రావడానికి పది రోజులుంది. మొత్తం గోకి మళ్ళీ చేస్తానన్నాడు. ఈసారి బెల్లం లేదు. కానీ సున్నం పెట్టిన దగ్గర్నుంచి తడి ఆరకుండా కప్పి ఉంచాలి. ఊళ్ళో అయితే తడి గోనెపట్టాలు వేలాడదీస్తారు. ఇక్కడ బియ్యం కూడా ప్లాస్టిక్ సంచుల్లోనే వస్తుంది.

"అన్నా," అన్నాడు, "ఆ పులులను పట్టుకరావాలె."

మంచు కోసం కొన్న దుప్పట్లు పొడిగాలి కోసం కావలసి వచ్చాయి. ఆ ఒక్క గోడకు ఇరవై నాలుగు. మేం ముగ్గురం సాయంత్రం క్యాంపుకు పోయాం. దుప్పటి ఇచ్చేటప్పుడు దేవుళ్ళమయ్యాం, అడిగేటప్పుడు దొంగలమయ్యాం. కంపెనీ సొమ్ము అంటే, కంపెనీయే ఇచ్చింది కదా అన్నారు. ఫులూస్, అంటే డబ్బులు, ఇస్తానన్నాను. మాఫీ అన్నారు, అరబ్బీలో లేదు పొమ్మని. ఒకడైతే దుప్పటి కప్పుకుని, తనకు జ్వరమని గోడవైపు తిరిగి పడుకున్నాడు. సుతారి ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి తన నడుం కథ చెప్పాడు. అందరూ సానుభూతిగా విన్నారు. ఎవరూ దుప్పటి వదల్లేదు.

ఏడో రూములో ఒకతను, ఉల్లిగడ్డలు తరుగుతూ, "పైసలు నాకొద్దన్నా. ఇయ్యాల వంట వంతు నాది. నువ్వు చెయ్, దుప్పటి తీస్కపో" అన్నాడు.

ఎండలో డ్యూటీ చేసి, గంట బస్సులో వచ్చి, ఎనిమిది మందికి అన్నం, పప్పు, కూర వండటం ఎంత కష్టమో క్యాంపులో ఉన్నవాళ్ళకే తెలుసు. ఆ వంతు వస్తోందంటే ముందు రోజు నుంచే మొహం మాడిపోతుంది. నేను ఆఫీసు స్టాఫ్ మెస్‌లో తినేవాణ్ణి, వండి చాలా ఏళ్ళయింది. అయినా ఆ క్షణంలో నా బుర్రలో లెక్క తిరిగింది. దుప్పటికి ఒక వంట వంతు. ఆ మాట పక్క రూముకు పోయేలోపు రేటు ఖాయమైపోయింది. జ్వరం వచ్చినవాడు కూడా లేచి కూర్చున్నాడు. భోజనాల వేళకు ఇరవై మూడు దుప్పట్లు బస్సెక్కాయి. ఇరవై నాలుగోది సుతారి సొంతది. తనకు కూడా వంతు రాసుకోవాల్సిందేనన్నాడు. దోస్తానా వేరు, లెక్క వేరు అన్నాడు, నా మాటే నాకు అప్పజెబుతూ.

సుతారి గోడ మొత్తం మళ్ళీ నింపాడు. దుప్పట్లు డ్రమ్ములో ముంచి, పైకప్పు దూలాలకు తాళ్ళు కట్టి వేలాడదీశాం. ఆ బొచ్చు నీళ్ళు తాగదు గానీ పట్టి ఉంచుతుంది. రోజుకు మూడుసార్లు తడిపేవాడు. సందులో పోయే జనం ఆగి, గోడ నిండా పులులను చూసి, ఇది ఏం దుకాణమని అడిగేవాళ్ళు. స్టోర్ కీపర్ రెండుసార్లు ధర కూడా చెప్పాడు.

మేడమ్ వచ్చే రోజు పొద్దున్నే సుతారి నన్ను పక్కకు పిలిచాడు. ద్వారం పక్కన కింద ఒకచోట రాయి కదులుతోందట. సున్నం పట్టుకుంటుందో లేదోనని రెండు పిడికిళ్ళ తెల్ల సిమెంటు కలిపాడట. "ధైర్యానికి" అన్నాడు. ఇంక చేయగలిగింది లేదు. దుప్పట్లలో అన్నిటికంటే మందమైనది చూసి ఆ చోటు మీదికి మార్చాం. అది పద్నాలుగో రూముది. ఆ రూమువాళ్ళు ముందే వచ్చి మంచివి ఏరుకున్నారు.

మేడమ్ వచ్చింది. వెంట మేనేజర్. ఆమె గోడకేసి చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. పులులూ ఆమెను చూశాయి. దగ్గరకు పోయి ఒక దుప్పటి మూల పట్టుకుని, ఈ నంబర్లేమిటని నన్ను అడిగింది.

గోడను భాగాలుగా చేశాం మేడమ్, అవి భాగాల నంబర్లు అన్నాను. జీవితంలో నేను ఆలోచించకుండా చెప్పిన అంకెలు అవే. ఆమె మెచ్చుకోలుగా తలూపి రాసుకుంది. రెండడుగులు వేసి ఆగింది. ఏడు అడ్డగీత మూడు పక్కన రెండు అడ్డగీత ఒకటి ఎందుకుంది, వరసలో లేవే అంది. నేను చేతిలోని కాగితాలు తిరగేశాను. స్టోర్ కీపర్ ముందుకొచ్చి, పని చేసిన తేదీల వరసండి మేడమ్ అని ఇంగ్లీషులో చెప్పి, నన్ను కాపాడినట్టు చూశాడు.

"అయితే అన్నిటికంటే చివర చేసింది చూపించండి" అంది మేడమ్.

అందరం పెద్ద నంబరు కోసం వెతికాం. పద్నాలుగు అడ్డగీత ఆరు. ద్వారం పక్కన, కింద.

దుప్పటి ఆమే ఎత్తింది. జేబులోంచి చిన్న కొయ్య సుత్తి తీసి తడుతూ పోయింది. మెత్తటి చప్పుడు, మెత్తటి చప్పుడు, ఠంగ్. మళ్ళీ తట్టింది. ఠంగ్. మేనేజర్ నావైపు తిరిగి, ఏ రోజు శనివారమో నాకు గుర్తుచేసేలా చూశాడు.

ఆమె కోప్పడలేదు. ఉలి ఇచ్చి, ఆ ముక్క తనముందే తీయమంది. ముందు పక్కనున్న సున్నం దర్జు తీయించింది. రెండు దెబ్బలకు అది మెత్తగా ఊడి వచ్చింది, రాయి రాయిలాగే ఉంది. తర్వాత సిమెంటు కలిసిన చోట కొట్టమంది. సిమెంటు ముక్క వచ్చింది, దాన్ని పట్టుకుని రాయి ముఖం కూడా వచ్చింది, పెనానికి అంటుకున్న రొట్టె పొర లేచినట్టు. సుతారి ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

మేడమ్ చెప్పింది నేను తెలుగులో చెప్పాను. వాళ్ళ ఊళ్ళో అయితే లోపల చిక్కుకున్న నీరు గడ్డకట్టి, ఉబ్బి, ఒక్క చలికాలంలో ఇటుక ముఖం పగలగొడుతుందట. ఇక్కడ మంచు చేసే పని ఉప్పు చేస్తుంది, కాస్త నిదానంగా. మనిషి మాత్రం రెండు చోట్లా అదే సిమెంటు బస్తా మోసుకొస్తాడట.

సుతారి ఆ ముక్క కింద పెట్టాడు. "అన్నా, మేడంకు చెప్పు. పని రాక ఏయలే. భయపడి ఏసిన. మూడేండ్లు ఇనుము మోసినంక నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది. గంతే."

ఆ రోజు మొత్తం మీద నేను మేడమ్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పిన మాట అదొక్కటే.

మేడమ్ కాసేపు అతని చేతులకేసి చూసింది. ఖాళీ పెయింటు డబ్బా బోర్లించుకుని కూర్చుని, అయితే ఇప్పుడు భయం లేకుండా చెయ్యమంది. సుతారి నడుం పట్టుకుని వంగాడు. రాయిని తడిపాడు, చిన్న రాతి చీలికలు ఏరి సందులో బిగించాడు, సున్నం తాపీ మొనతో కొంచెం కొంచెం లోపలికి కూరుతూ పోయాడు. గంట పట్టింది. అంతసేపూ ఆమె కదలలేదు. మేనేజర్ రెండుసార్లు గడియారం చూసుకుని మూడోసారి మానేశాడు. చివర్లో ఆమె వేలితో కాక అరచేతితో గోడను నిమిరి, తడి దుప్పటి తనే తీసి కప్పింది. ఇంటి సున్నం పని అంతా ఇతనే చేయాలి, ఇంకొకరు ముట్టకూడదు అని అక్కడికక్కడే రాసి మేనేజర్‌కిచ్చింది.

ఆ కాగితంలో ఇంకో వాక్యం కూడా ఉంది. పని పూర్తయ్యేదాకా ప్రతి దుప్పటీ దాని నంబరు చోటనే ఉండాలి, చాలనిచోట ఇంకా తెప్పించాలి. అలా క్యాంపులో మిగిలినవి కూడా, ఈసారి వంతుల్లేకుండా మేనేజర్ హుకుంతో, గోడెక్కాయి, స్టోర్ లెక్క అతని కంటపడ్డాక ఇంటికి పోయినవి నా జీతంలోంచి కొత్తగా వచ్చాయి. వేసవి దాటేసరికి ఎండకూ సున్నానికీ పులులన్నీ ముసలివై చీలికలైపోయాయి.

ఆ రోజు కారెక్కేముందు మేడమ్ నన్ను పిలిచి, మంచు పేరా తను వాళ్ళ దేశపు ఇళ్ళకు రాసిన పాత కాగితంలోదని, తీసేయడం మరిచిపోయానని నవ్వింది. అది చూసి కూడా ఎవరూ ఎందుకు అడగలేదని అడిగింది. అడిగి ఉంటే ఆ పేరా కొట్టేసేవాళ్ళు, దుప్పట్లు వచ్చేవి కావు, రెండో గోడ కూడా మొదటిదానిలాగే గాలికి పోయేది. అందుకని పిల్లలూ, కాగితంలో తప్పు కనిపిస్తే అడగాలా వద్దా అంటే నా దగ్గర గట్టి సమాధానం లేదు. అడగండి. కాని దుప్పట్లు వచ్చాక అడగండి.

తలుపు వేసుకుంటూ ఆమె, "మీ గోడలో పద్నాలుగు అడ్డగీత ఆరో భాగం కొబ్బరినూనె రాసుకుంటుంది, తెలుసా?" అంది.

ఇక నా వంతులు. మర్నాటి నుంచే మొదలుపెట్టాను. నా పప్పు గురించి క్యాంపులో చాలా చెప్పుకున్నారు, అవి ఇక్కడ రాయను. పదకొండు వంతులు తీర్చాను. తర్వాత మూడు రూములు కలిసి మాట్లాడుకుని, అన్నా, నీ బాకీ మాఫీ, నువ్వు పొయ్యి దగ్గరికి రాకుంటే అదే చాలని కబురు పంపాయి. అది ఆరు. మిగిలినవాళ్ళు నా చేతికి దొరకలేదు. కొందరు కంపెనీ మారారు, కొందరు ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఇప్పుడు నేనూ ఇంటికొచ్చేశాను. సుతారి ఇంకా అక్కడే, ఇంకో పాత ఇంటికి సున్నం పెడుతున్నాడు. అతని చేతి కింద ఇద్దరున్నారు.

పోయిన నెల అతను సెలవు మీద వస్తే, రా తమ్మీ, నీ వంతు వండి తీర్చేస్తా, నాకు అప్పు ఉంటే నిద్ర పట్టదన్నాను.

"వద్దన్నా," అన్నాడు. "నీ పప్పు తిన్నోళ్ళల్ల ఒక్కడన్న మల్ల నీకు ఫోన్ చేసిండా? మేం తిననోళ్ళమే చేస్తున్నం. ఉండనీ."

లెక్క వేసి చూశాను, నిజమే. బాకీ తీరనివాళ్ళు ఎంతమందో ఫోన్ చేసేవాళ్ళు సరిగ్గా అంతమందే. ఇరవై నాలుగులో తీరినవి పదకొండు, మాఫీ ఆరు. ఈ రోజుకు బాకీ, ఏడు.